జాతీయ సదస్సు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 'ఆంగ్ల నవలలో స్త్రీ సాధికారత' జాతీయ సదస్సు గారి దివ్య సముఖమునకు,

తార్నాక నుంచి ఒక ఇంగ్లిష్ లెక్చరర్ నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి.

హైదరాబాదులో తమరు ఏటా ఏదో ఒక కాలేజీలో వెలుస్తూనే ఉన్నారు, సంతోషం. మొన్న వేదిక మీద కుర్చీలన్నీ మగవాళ్లవే. పట్టుచీరల్లో బొకేలు పట్టుకుని నిలబడ్డ అమ్మాయిలున్నారుగా, సాధికారతకు ఆ మాత్రం చాలు. ముఖ్య అతిథి గారు 'యత్ర నార్యస్తు'తో అందుకుని గంటంబావు దంచారు. నవల ఊసు రాలేదు గానీ వాళ్లావిడ చేతి గుత్తొంకాయ రెండుసార్లు వచ్చింది.

ఆ ఆలస్యమంతా పరిశోధన పత్రాల నెత్తిన పడింది. శశి దేశ్‌పాండే 'దట్ లాంగ్ సైలెన్స్' (1988) మీద ఒక పిల్ల చదువుతోంది. మొగుడు నొచ్చుకున్నాడని నాయిక జయ మనసులోని కథలు మానేసి, పత్రికలో 'సీత' కబుర్లు రాసుకుంటూ ఎలా బతికిందో చెప్పబోతుంటే, "టైమైపోయింది, కూసో అమ్మా" అన్నారు. ఆ నవలకు ఇంత సూటి వ్యాఖ్యానం నేనెక్కడా చదవలేదు.

ఇక తమరి ముగింపు వాక్యం: 'చివరకు నాయిక తన అస్తిత్వాన్ని కనుగొంది.' జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' (1966)లో ఆంట్వానెట్‌కు మొగుడు పేరు మార్చి, ఇంగ్లండులో అటకగదిలో పెట్టించాడు. ఆవిడ కనుగొంది. అరుంధతీ రాయ్ నవల 'ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్'లో అమ్ము 31 ఏళ్లకే లాడ్జి గదిలో దిక్కులేకుండా పోయింది. ఆవిడా కనుగొంది!

పచ్చళ్ల ఫ్యాక్టరీలో అన్నతో సమానంగా చాకిరీ చేసినా అమ్ముకు వాటా లేదు. కథాకాలం 1969. కేరళ సిరియన్ క్రైస్తవ ఆడపిల్లల ఆస్తిహక్కు కోసం రచయిత్రి తల్లి మేరీ రాయ్ సుప్రీంకోర్టులో గెలిచింది 1986లో. ఆ ఏడే ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ వాటా ఇస్తూ చట్టం తెచ్చింది. అప్పటికి పెళ్లయిపోయిన వాళ్లను వదిలేసింది, అది వేరే సంగతి. ఈ రెండూ కలిపి రాసిన పత్రాన్ని తమరు 'సాహిత్యం కాదు' అని తిప్పి పంపారు.

అమ్ము సాధికారత మీద ఉత్తమ పత్రం బహుమతి కొట్టిన మేడం మాత్రం మధ్యాహ్నం సెషన్ ఎగ్గొట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయింది. పుట్టింటి ఆస్తిలో తన వాటా వదులుకుంటూ తమ్ముళ్లకు హక్కు విడుదల పత్రం రాసివ్వాలట. పసుపు కుంకుమల కింద పట్టుచీర పెట్టారట. "పుట్టింటికి రాకపోకలుండాలె గద" అంది, షీల్డు చంకన పెట్టుకుని.

కాబట్టి వచ్చేసారి తమరు ఆ ఆఫీసు వరండాలోనే కొలువు తీరమని విన్నపం. శ్రోతలకు కొదవుండదు, చాయ్ బండి గేటు దగ్గరే.

ఇట్లు,
పత్ర సమర్పణ సర్టిఫికెట్ ఇంకా అందని
తమ విధేయురాలు