అద్దం వెనకున్నదే వారసత్వమా?

చంద్రగిరి కోటలో రాజమహల్ గోడ మీద మరో జంట పేర్లు చేరాయి. ఈసారి మేకుతో చెక్కారు. సున్నం పూత లేచిపోయి లోపలి ఇటుక కనిపిస్తోంది. రాలిన ఎర్రటి పొడిని ఎవరూ ఊడ్చనైనా లేదు. అదే మహల్లో, మ్యూజియంలోని కంచు విగ్రహాలు అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. వాటికి తాళం ఉంది, కాపలా ఉంది. అద్దం వెనకున్నదే వారసత్వమా? దానికి నీడనిస్తున్న గోడ కాదా?

ఈ మహల్ గొప్పతనం మన జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే మూడంతస్తులు లేపారు. పెనుకొండ తర్వాత విజయనగర రాజులకు ఇదే రాజధాని. అలాంటి గోడకు పూత పోతే వాన నీరు నేరుగా ఇటుకలోకి దిగుతుంది.

కోటలో శైవ, వైష్ణవ ఆలయాలు ఎనిమిది శిథిలమై ఉన్నాయి. ఆ స్తంభాల మధ్య నీళ్ల సీసాలు, బిర్యానీ పొట్లాలు. శిల్పం మ్యూజియం గుమ్మం దాటితే పురావస్తువు, బయటే ఉండిపోతే కూర్చునే రాయి! ఈ ద్వంద్వ నీతే మాకు మింగుడు పడనిది.

జనం ఎక్కువ, సిబ్బంది తక్కువ అంటున్నారు. కావచ్చు. టికెట్లు ఇవ్వడానికి దొరికిన మనిషి గోడ దగ్గర నిలబడటానికి దొరకడా?

చట్టం లేక కాదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2010లో సవరించి మరీ శిక్ష పెంచారు. ఇలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు పాత ఇల్లున్నవాళ్లు మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కోసం తిరగాలి. ఊళ్లో కాపురం ఉండేవాళ్లకు అంత కట్టడి. కోట గోడనే చెక్కినవాడు మాత్రం సెల్ఫీ దిగి, బండెక్కి తిరుపతి వెళ్లిపోతాడు. ఇది కూడా ద్వంద్వ నీతే.

ముందు గోడల దగ్గర కాపలా పెట్టండి. పట్టుబడినవారి మీద ఒక్క కేసైనా కోర్టు దాకా తీసుకెళ్లండి. పాడైన పూతను సిమెంటుతో మెత్తి చేతులు దులుపుకోకుండా, సున్నం పని తెలిసిన మేస్త్రీలను పిలిపించండి.

పిల్లలు గోడ గీకుతుంటే పక్కన నిలబడి ఫొటోలు తీసే పెద్దలనూ అడుగుతున్నాం. నిన్న సున్నం కొట్టించిన మీ ఇంటి గోడ మీద ఎవరైనా మేకు పెడితే ఊరుకుంటారా?