శాలువా సరే, మైకు ఎప్పుడిస్తారు?

మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, ఏటా జరిగే తంతే ఇది. నల్లగొండలోనో సూర్యాపేటలోనో ఒక ఫంక్షన్ హాలు. స్టేజీ మీద ఓ చివర కుర్చీలో ఒక పెద్దావిడ. శాలువా కప్పుతారు, మెమెంటో చేతికిస్తారు, ఫొటోలు దిగుతారు. ముఖ్య అతిథి అరగంటకు తక్కువ మాట్లాడరు. ఆమె వంతు వచ్చేసరికి ‘టైం అయిపోయిందమ్మా, రెండు ముక్కలు చెప్పు చాలు’ అంటారు.

మల్లు స్వరాజ్యం రెండు ముక్కలతో ఆగే మనిషి కాదు. కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట పుట్టి వెట్టిచాకిరీ మీద తిరగబడ్డారు. ఉయ్యాల పాటలతో ఊళ్లను కదిలించారు, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టి గెరిల్లా దళంలో తిరిగారు. పట్టిస్తే పదివేలని అప్పట్లో ఆమె తల మీద వెల కట్టారు. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యే. ఆరుట్ల కమలాదేవి 1952లోనే ఆలేరు నుంచి అసెంబ్లీకి వెళ్లారు. వీళ్లకు పేరుంది, చరిత్రలో చోటుంది.

మా బాధంతా పేరు లేనివాళ్ల గురించి. సద్దిమూటలో చీటీ దాచి దళానికి చేర్చిన పిల్ల, రాత్రికి రాత్రి ఇరవై మందికి గటక వండి ఆ పొయ్యి బూడిద కూడా కనబడకుండా ఎత్తిపోసిన తల్లి, కారంపొడి, రోకలి పట్టుకుని పోలీసులకు ఎదురు నిలిచిన ఆడవాళ్లు. 1951 అక్టోబరులో పోరాటం ఆగింది. మగవాళ్లలో కొందరు నాయకులయ్యారు. వీళ్లలో చాలామంది మళ్లీ అదే పొయ్యి దగ్గరికి వచ్చారు. సమరయోధుల పింఛనుకు జైలు రికార్డు, వారంటు కాగితం అడిగితే చీటీ మోసిన పిల్ల ఎక్కడ తెస్తుంది? దొరకకుండా ఉండటమే కదా ఆమె చేసిన పని!

1980ల్లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు ఇలాంటి మహిళలను కలిసి వాళ్ల మాటలు రికార్డు చేశారు కాబట్టి ఈ కొంచెమైనా మిగిలింది. 1948లో పదిహేనేళ్ల పిల్ల ఇప్పుడుంటే తొంభై దాటి ఉంటుంది. ఆ తరం దాదాపు వెళ్లిపోయినట్టే. 1990ల్లో సారా మీద కొట్లాడిన తరం, మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం బిందెలతో రోడ్డెక్కిన తరం, పాలమూరు నుంచి మేస్త్రీల వెంట వలస పోయి డ్యాముల దగ్గర మట్టి మోసిన తరం ఇంకా మన మధ్యే ఉన్నాయి.

నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది. ఈ తరాల ఆడవాళ్ల మాటలు రికార్డు చేసే పనిని పీజీ పిల్లల ప్రాజెక్టుల్లో చేర్చండి. ఖర్చేం లేదు, అందరి చేతిలో ఫోనుంది. ఆమె మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దొద్దు. ‘గప్పుడు’ అంటే ‘గప్పుడు’ అనే రాయాలి.

ఇంకొక చిక్కుంది. ఇంటికి వెళ్లి ఆమెను అడిగితే జవాబు కొడుకు చెబుతాడు. ‘మా అమ్మకు అంత గుర్తులేదు సార్, నేను చెప్తా’ అంటూ ముందుకొస్తాడు. ఆయనకు ఒక చాయ్ ఇచ్చి కాసేపు బయట అరుగు మీద కూర్చోబెట్టండి.