పౌడర్ డబ్బాలు అమ్మేవాళ్లకు హెచ్ఐవి కంట్రోలర్లతో ఏం పని?

"అమెరికాలో ఒకావిడ మందుల్లేకుండానే హెచ్ఐవిని జయించింది, ఇమ్యూనిటీ పెంచుకుంటే మీరూ జయించొచ్చు" అంటూ కింద ఫోన్ నంబరు పెట్టి పౌడర్ డబ్బా అంటగట్టే ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. అందులో మొదటి సగం దాదాపు నిజమే. నాకు ఒళ్లు మండేది అందుకే.

అలాంటివాళ్లు ఉన్నారు. ఎలైట్ కంట్రోలర్లు అంటారు. హెచ్ఐవి ఉన్నవాళ్లలో నూటికి ఒక్కరు కూడా ఉండరు. బిళ్ల వేసుకోకపోయినా వాళ్ల రక్తంలో వైరస్ మామూలు వైరల్ లోడ్ పరీక్షకు అందనంత తక్కువ. అయితే అది "ఎక్కువ ఇమ్యూనిటీ" వల్ల కాదండీ, గురి వల్ల. వైరస్ సోకిన కణాల మీద పడే సీడీ8 టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మామూలు రోగిలోనూ బోలెడు పుడతాయి. వైరస్ కాస్త రూపు మార్చి తప్పించుకుంటుంది. చాలామంది కంట్రోలర్లలో ఆ కణాలు గాగ్ లాంటి వైరస్ ప్రొటీన్లలో, మార్చుకుంటే వైరస్సే కుంటుపడే చోట్లను పట్టుకుంటాయి. 2019లో బోస్టన్‌లోని రాగన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రొటీన్ల నిర్మాణం లెక్కగట్టి మరీ ఇది చూపించారు.

ఈ గురి ఎక్కణ్నించి వస్తుంది? 2010లో కంట్రోలర్ల జన్యువులన్నీ జల్లెడ పడితే తేడా ప్రధానంగా హెచ్ఎల్ఏ జన్యువుల దగ్గరే తేలింది (కణంలోని వైరస్ ముక్కలను టీ కణాలకు చూపించేది వీటి ప్రొటీన్లే). బి57, బి27 రకాలు మేలు చేస్తాయి. అవి అమ్మానాన్నల నుంచి రావాలి, డబ్బాలో రావు. వచ్చినా గ్యారంటీ లేదు, బి57 ఉండి కూడా జబ్బు ముదిరినవాళ్లున్నారు. పైగా బి27 ఉంటే వెన్ను బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ ముప్పు ఎక్కువ. (ఇంత వరం ఎవరు కోరుకుంటారో!)

ఇక "పెంచడం" సంగతి. హెచ్ఐవి బాగా పెరిగేది ఉత్తేజితమైన సీడీ4 కణాల్లోనే (ఇవీ రోగనిరోధక కణాలే). రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి రెచ్చిపోయి ఉండటమే ఈ జబ్బులో పెద్ద నష్టం. కంట్రోలర్లలోనూ ఆ రగులుడు ఉంటుంది, కొందరికి కొన్నేళ్లకు వైరస్ అదుపు తప్పుతుంది కూడా. టీ కణాలను పుట్టిస్తే చాలనుకుని చేసిన స్టెప్ అనే హెచ్ఐవి టీకా ట్రయల్ 2007లో ఆగిపోయింది. కణాలైతే పుట్టాయి, టీకా మాత్రం ఇన్ఫెక్షన్‌ను ఆపలేదు, సోకినవాళ్లలో వైరస్‌నూ తగ్గించలేదు. కొందరికి సోకే ముప్పు పెరిగింది కూడా. కోట్లు పోసిన కంపెనీకే చేతకానిది పౌడర్‌తో అవుతుందా?

ఆ ఫార్వర్డ్‌లోని ఆవిడ కాలిఫోర్నియావాసి, 1992లో హెచ్ఐవి తేలింది. 2020లో ఆమెవి 150 కోట్లకు పైగా కణాలు వెతికినా పనిచేసే వైరస్ ఒక్కటీ దొరకలేదు. అదే అధ్యయనంలోని మిగతా కంట్రోలర్లలో మిగిలిన వైరస్ చాలావరకు వాళ్ల కణాల డీఎన్ఏలో నోరెత్తలేని మూలల్లో ఇరుక్కుని కనిపించింది. అద్భుతమైన విషయం. కానీ ఆమె కథ చూసి బిళ్లలు మానేయకండి.

మన దేశంలో 2017 నుంచి రక్తంలో సీడీ4 కణాలు ఎన్నున్నా సరే, పాజిటివ్ అని తేలినవాళ్లందరికీ ఏఆర్‌టీ (హెచ్ఐవి చికిత్స) సెంటర్లో మందులు ఉచితం. క్రమంగా వాడి వైరల్ లోడ్ కనిపించనంతగా తగ్గి అలాగే ఉంటే భాగస్వామికి సెక్స్ ద్వారా సోకదు. ఆపేస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది. ఈ ముక్క ఏ డబ్బా మీదా రాయరు.