మనిషిని చూసి గీసిన గీత

2020లో అమెరికా డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడినవారిలో ఎవరికి ఒక్క డెలిగేట్ (పార్టీ మహాసభలో అభ్యర్థి తరఫున ఓటేసే ప్రతినిధి) దక్కినా చర్చావేదికపై చోటు ఉంటుందన్న నిబంధన ఫిబ్రవరిలో జరిగిన మూడు చర్చలకూ అమలైంది. ఆ డెలిగేట్‌ను అప్పటి హవాయి కాంగ్రెస్ సభ్యురాలు తులసీ గబ్బార్డ్ సంపాదించుకునేసరికి నిబంధనే మాయమైంది. మార్చి 15న అరిజోనాలోని ఫీనిక్స్‌లో పెడతామన్న చర్చలో పాల్గొనాలంటే అప్పటివరకు పంపకమైన డెలిగేట్లలో కనీసం 20 శాతం చేతిలో ఉండాలని డెమోక్రటిక్ పార్టీ జాతీయ కమిటీ మార్చి 6, శుక్రవారం తేల్చిచెప్పింది. అధ్యక్ష అభ్యర్థిత్వానికి బరిలో మిగిలింది ముగ్గురే. జో బైడెన్, బెర్నీ శాండర్స్ ఆ 20 శాతాన్ని ఎప్పుడో దాటేశారు. దాటనిది మూడో వ్యక్తి ఒక్కరే. ముగ్గురూ ఎవరెక్కడ నిలబడ్డారో చూసుకుని, ఇద్దరిని లోపల ఉంచి మూడోవారిని వెలుపల ఉంచేలా గీత గీసి, ఆపైన అది అందరికీ వర్తించే నియమమని ప్రకటించడం పెద్దమనుషులు చేసే పని కాదు.

ఇంతకీ ఆమెకు డెలిగేట్లు ఎక్కడ దక్కాయో గమనించాలి. మార్చి 3, మంగళవారం పద్నాలుగు రాష్ట్రాలతో పాటు పసిఫిక్ మహాసముద్రంలోని అమెరికన్ సమోవాలోనూ పోలింగ్ జరిగింది. గబ్బార్డ్ పుట్టిన గడ్డ అది. అక్కడి కాకస్‌కు (పార్టీ ఓటింగ్ సమావేశానికి) వచ్చినవారు మొత్తం 351 మంది. న్యూయార్క్ మాజీ మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్‌కు 175 ఓట్లు, గబ్బార్డ్‌కు 103 ఓట్లు పడ్డాయి. ఆ 103 మంది ఆమెకు రెండు డెలిగేట్లు ఇచ్చారు. సంఖ్య చిన్నదని నవ్వుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికా జెండా కిందే బతుకుతున్నా సమోవా వాసులకు నవంబరులో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు లేదు. ఆ దేశ అధ్యక్షుడి ఎంపికలో వారి మాట చెల్లేది పార్టీ అభ్యర్థిని నిర్ణయించే ఈ ఒక్క ఘట్టంలోనే. ఆ ఒక్క మాటనూ మూడు రోజులు తిరగకముందే పార్టీ పెద్దలు చిల్లర కింద జమకట్టి పక్కన పడేశారు.

పేరు చూసి ఆమె మన అమ్మాయే అనుకునేవారు తెలుగునాట ఇప్పటికీ ఉన్నారు. ఆమె హిందువే కానీ భారత సంతతి కాదు. ఆ ఆత్మీయతతో మేము ఈ మాటలు రాయడం లేదు. అప్పటి సిరియా నియంత అసద్‌ను కలిసివచ్చిన ఆమె తీరు మాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆమె నెగ్గుతారని నమ్మేవారు ఆమె ప్రచార కార్యాలయంలోనైనా ఉన్నారో లేదో. మా అభ్యంతరమల్లా ఆటగాళ్లెవరో తెలిశాక ఆట నిబంధన రాసే అలవాటు మీదనే.

పోటీ ముదిరేకొద్దీ అర్హత కూడా పెరుగుతుందని, ఇద్దరే మిగిలినప్పుడు వారిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఆరోగ్య బీమా మీద రెండు గంటలు లోతుగా మాట్లాడించడం ఓటరుకు మేలని కమిటీని సమర్థించేవారు అన్నారు. వాదన వినడానికి బాగానే ఉంది. అయితే ఆ అర్హత ఎంతో మంగళవారానికి ముందే చెప్పి ఉండాల్సింది. ఓట్లు లెక్కపెట్టాక చెప్పారు. పైగా ఈ పార్టీ సొంత నియమావళి ప్రకారం ఒక రాష్ట్రంలో 15 శాతం ఓట్లు తెచ్చుకున్నవారికి డెలిగేట్లలో వాటా దక్కుతుంది. డెలిగేట్‌ను ఇవ్వడానికి 15 శాతం చాలినప్పుడు, ఆ డెలిగేట్ ఉన్న మనిషి నోరు విప్పడానికి దేశం మొత్తమ్మీద 20 శాతం ఎందుకు కావాల్సివచ్చిందో ఎవరూ వివరించలేదు. అర్హత పెరుగుతుందని ముందే అందరికీ తెలుసు కదా అన్న ధోరణి మాత్రం వినిపించింది. పెరుగుతుందని తెలియడం వేరు, ఎంతకు పెరుగుతుందో తెలియడం వేరు.

పోనీ, నిబంధన అంటే నిబంధనే అన్న పట్టుదల ఈ కమిటీకి నిజంగా ఉందా? కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం. 2019 జూన్‌లో తొలి చర్చకు 65 వేల మంది దాతలు గానీ, మూడు సర్వేల్లో ఒక శాతం మద్దతు గానీ ఉంటే సరిపోయేది. సెప్టెంబరుకు అవి రెండూ తప్పనిసరి అయ్యాయి, దాతల సంఖ్య లక్షా 30 వేలకు చేరింది. 2020 జనవరికి 2 లక్షల 25 వేలయింది. సామాన్యుడు ఇచ్చే ఒక్క డాలరుకూ విలువ ఉండాలన్నది దీని వెనుక చెప్పిన ఆదర్శం. ఆ ఒక్క డాలరు కోసం ఫేస్‌బుక్ ప్రకటనలకు అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతోందని చిన్న అభ్యర్థులు మొత్తుకున్నా కమిటీ చెవికెక్కలేదు. లాటినో నేత జూలియన్ కాస్ట్రో, నల్లజాతి సెనేటర్ కోరీ బుకర్ ఈ మెట్లు ఎక్కలేక జనవరిలో తప్పుకున్నారు. అంతకుముందు డిసెంబరులో బుకర్ చొరవతో అభ్యర్థులు కలిసి లేఖ రాశారు, నిబంధనలు కాస్త సడలించమని అడిగారు. కుదరదన్నారు. జనవరి 14న అయోవా రాష్ట్రంలోని డెమోయిన్ వేదికపై నిలబడిన ఆరుగురూ శ్వేతజాతీయులే. వైవిధ్యం గురించి ఊదరగొట్టే పార్టీకి అది మచ్చగా మిగిలింది, అయినా నిబంధన కదలలేదు.

సరిగ్గా పదిహేడు రోజులకు, జనవరి 31న, అది కదిలింది. దాతల షరతు మొత్తంగా ఎత్తేశారు. కాస్ట్రో కోసం కాదు, బుకర్ కోసం కాదు. ఎవరి దగ్గరా పైసా విరాళం తీసుకోని, తీసుకోవాల్సిన అవసరమే లేని బ్లూమ్‌బర్గ్ అప్పటికే టీవీ ప్రకటనలతో దేశాన్ని ముంచెత్తుతున్నారు. మార్చి మొదటివారానికి ఆయన ప్రకటనల ఖర్చు 50 కోట్ల డాలర్లు దాటింది. షరతు పోవడంతో ఫిబ్రవరి 19న లాస్‌వెగాస్ వేదికపైకి దర్జాగా వచ్చారు. అక్కడ మరో అభ్యర్థి ఎలిజబెత్ వారెన్ ఆయన్ను ఉతికి ఆరేశారు. ఆయన సంస్థలో పనిచేసిన మహిళలు సంతకం చేసిన గోప్యతా ఒప్పందాల సంగతేమిటని నిలదీస్తే ఆ కుబేరుడు నీళ్లు నమిలారు. ఆ రాత్రి ఓటర్లకు మేలే జరిగింది, కాదనం. ఆయన్ను ప్రశ్నించాలంటే వేదికపైకి రానివ్వక తప్పదన్న వాదన కూడా సబబే. అదే సబబు తులసీ గబ్బార్డ్ విషయంలో ఎటు పోయింది? అయినవారికి ఆకుల్లో, కానివారికి కంచాల్లో అని మన పెద్దలు ఊరకే అనలేదు. విధి వింత ఏమిటంటే, అంత డబ్బు పోసిన బ్లూమ్‌బర్గ్ గెలిచిన ఏకైక చోటు ఆ అమెరికన్ సమోవానే. మర్నాడే ఆయన ఇంటికి వెళ్లిపోయారు. ఆయన కోసం తెరిచిన తలుపు, అదే దీవి నుంచి వచ్చిన మరొకరి ముఖాన మూసుకుంది.

ఈ వ్యవహారంలో మా వృత్తికీ వాటా ఉంది, దాచడం దేనికి? బ్లూమ్‌బర్గ్ 2019 నవంబరులో బరిలోకి దిగగానే ఆయన సొంత వార్తాసంస్థ తమ యజమానిపై పరిశోధనాత్మక కథనాలు రాయబోమని ప్రకటించింది. ఆయనకు పోటీగా ఉన్న డెమోక్రాట్లపైనా రాయబోమని, ఇదే సమన్యాయమని చెప్పుకుంది. ట్రంప్ గురించి మాత్రం ప్రభుత్వాధినేత కాబట్టి పరిశోధిస్తామంది. దాన్ని సాకుగా చేసుకుని ట్రంప్ ప్రచార బృందం ఆ సంస్థ విలేకరులకు తమ సభల్లో గుర్తింపు పాసులు ఇవ్వబోమని డిసెంబరు 2న తెగేసి చెప్పింది. మనిషిని చూసి గీత గీయడమే ఇదీను. ఎవరిని ప్రశ్నించాలో యజమాని హోదాను బట్టి తేల్చిన సంస్థ ఒకటి, ఎవరు ప్రశ్నించాలో జీతమిచ్చేవాణ్ణి బట్టి తేల్చిన బృందం మరొకటి. మధ్యలో విలేకరి నోటుబుక్కు పట్టుకుని గేటు బయట నిలబడ్డాడు.

మనుషులకే కాదు, విషయాలకూ ఇదే గతి పట్టింది. వాతావరణ మార్పు ఒక్కదానిపైనే ఒక చర్చ పెట్టండని పోటీలో ఉన్న అప్పటి వాషింగ్టన్ రాష్ట్ర గవర్నర్ జే ఇన్‌స్లీ 2019లో ప్రాధేయపడ్డారు. ఒకే అంశంపై చర్చలు పెట్టబోమని కమిటీ జూన్‌లో కొట్టిపారేసింది. అంతటితో ఊరుకోలేదు. వేరెవరైనా అలాంటి చర్చ పెడితే, దానికి వెళ్లినవారిని మా వేదికలకు పిలవబోమని బెదిరించింది. ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓటింగ్ పెడితే 222-137 తేడాతో ప్రతిపాదన వీగిపోయింది. అప్పటికే ఇన్‌స్లీ తప్పుకున్నారు. సెప్టెంబరు 4న సీఎన్‌ఎన్ పది మంది అభ్యర్థులను ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టి ఏడు గంటలు ప్రశ్నలు అడిగించింది. ఒకరితో ఒకరు వాదించుకోలేదు కాబట్టి అది చర్చ కాదట, కనుక శిక్ష లేదట! ఇంత సన్నని దారాలు తీయడం తెలిసిన కమిటీకి, మూడు కుర్చీలకు చోటు చూడటం ఎందుకు తెలియలేదు?

ఇది 2020లో కొత్తగా పుట్టిన జబ్బూ కాదు. 2007 డిసెంబరులో అయోవాలో ఒక పత్రిక నిర్వహించిన చర్చ నుంచి డెమోక్రటిక్ అభ్యర్థి డెన్నిస్ కుసినిచ్‌ను తప్పించారు. ఆ రాష్ట్రంలో ఆయన తరఫు మనిషి అద్దె కార్యాలయంలో కాకుండా సొంత ఇంట్లో కూర్చుని పనిచేస్తున్నాడన్నది చూపించిన కారణం. ఇరాక్ యుద్ధం వద్దని మొదటినుంచీ చెప్పిన అభ్యర్థికి అద్దె రసీదు అడ్డొచ్చిందన్నమాట. మరుసటి నెలలో నెవాడాలో అంతకన్నా ఘనకార్యం జరిగింది. సర్వేల్లో తొలి నలుగురికీ చోటన్నారు, కుసినిచ్‌కు ఆహ్వానం పంపారు. మధ్యలో మరో అభ్యర్థి బిల్ రిచర్డ్‌సన్ తప్పుకున్నాక లెక్కను ముగ్గురికి కుదించి, పంపిన ఆహ్వానాన్ని వెనక్కి తీసుకున్నారు. కుసినిచ్ కోర్టుకెక్కితే కింది న్యాయమూర్తి ఆయన పక్షాన తీర్పు ఇచ్చారు. జనవరి 15న చర్చ మొదలయ్యే వేళకు నెవాడా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నలుగురని ముగ్గురు చేసినవారికి అడ్డు లేకపోబట్టే 2020లో ముగ్గురని ఇద్దరు చేయగలిగారు. రేపు ఆ ఇద్దరిలో ఒకరి మాట గిట్టకపోతే ఏమవుతుందన్న ఆలోచన బైడెన్, శాండర్స్ శిబిరాలకు రాకపోవడం మమ్మల్ని మరింత కలవరపెట్టింది. ముఖ్యంగా శాండర్స్‌కు. 2016లో పార్టీ యంత్రాంగం తనను తొక్కేసిందని ఆయన అనుచరులు నాలుగేళ్లపాటు మానని గాయంలా చెప్పుకున్నారు. నాడు పార్టీ జాతీయ కమిటీ ఉపాధ్యక్షురాలిగా ఉంటూ, చర్చలు ఇంత తక్కువగా పెట్టడమేమిటని బహిరంగంగా అడిగినందుకు లాస్‌వెగాస్ చర్చకు తనను రావద్దన్నారని చెప్పింది, తర్వాత ఆ పదవి వదులుకుని మరీ ఆయన వెంట నిలిచింది ఈ తులసీ గబ్బార్డే.

వెనుకబడిన అభ్యర్థి వేదికపై ఉంటే ఏం ఒరుగుతుందని అడిగేవారికి 2019 జులై 31 నాటి డెట్రాయిట్ చర్చ గుర్తుచేయాలి. కమలా హారిస్ అప్పటికి ముందువరుసలో ఉన్నారు. కాలిఫోర్నియాలో ప్రాసిక్యూటర్‌గా గంజాయి కేసుల్లో పదిహేను వందల మందికి పైగా జైలుకు పంపి, మీరెప్పుడైనా గంజాయి తాగారా అని అడిగితే నవ్వేశారు కదా అని గబ్బార్డ్ ఆమె ముఖం మీదే అన్నారు. సర్వేల్లో ఒకటీ రెండు శాతం దగ్గర కొట్టుమిట్టాడుతున్న అభ్యర్థి అడిగిన ఆ ప్రశ్నను అంత సూటిగా అడిగినవారు ముందువరుసలో లేరు. ఆమె ఆరోపణ ఎంత నిజమన్నది వేరే చర్చ, హారిస్ దానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందన్నది అసలు సంగతి. అఫ్గానిస్థాన్‌ నుంచి సిరియా దాకా అమెరికా వేలు పెట్టిన ప్రతి యుద్ధాన్నీ ఇరాక్‌లో పనిచేసివచ్చిన సైనికురాలిగా ప్రశ్నించే గొంతు ఆ చర్చకు దూరమైంది. ఇరాక్ యుద్ధానికి 2002లో సెనేట్‌లో ఓటేసిన బైడెన్‌కు అది ఎంత ఊరటో వేరే చెప్పాలా?

రిపబ్లికన్ల సంగతి ఎత్తకపోతే అన్యాయం చేసినట్లవుతుంది. పార్టీ అభ్యర్థిత్వానికి ట్రంప్‌పై పోటీకి దిగిన బిల్ వెల్డ్ లాంటివారికి ఒక్క చర్చా దక్కలేదు. దక్షిణ కరోలినా, నెవాడా, కాన్సస్, అరిజోనాల్లో ఆ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికే రద్దు చేసుకుంది. సిగ్గుచేటే. కానీ వారు ప్రజాస్వామ్యాన్ని ఉద్ధరిస్తామని ఊరూరా చాటింపు వేయడం లేదు. వేస్తున్నవారినే మేము అడుగుతున్నాం.

మన దగ్గర బీ-ఫారం ఎవరి జేబులోంచి ఎవరి చేతికి వెళుతుందో నామినేషన్ గడువు ముగిసేదాకా అభ్యర్థికే తెలియదు, అమెరికా గొడవ మనకెందుకని పాఠకులు అడగవచ్చు. ఆ మంగళవారం ఓటేసిన టెక్సాస్, కాలిఫోర్నియా, వర్జీనియాల్లో మనవాళ్ల కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, వీసాల దగ్గరి నుంచి యుద్ధాల దాకా అక్కడి నిర్ణయాల సెగ ఇక్కడి ఇళ్లకూ తగులుతుంది. అంతకుమించి, పార్టీలో అంతర్గత ప్రజాస్వామ్యం గురించి మన నాయకులను నిలదీసిన ప్రతిసారీ ఆ ప్రైమరీలనే (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలనే) ఉదాహరణగా చూపిస్తూ వచ్చాం. ఆ ఉదాహరణను పాడుచేయకండని అడిగే హక్కు మాకుంది.

కమిటీ ఆ మాట చెప్పేనాటికి ఫీనిక్స్ చర్చకు ఇంకా వారానికి పైగా గడువుండింది. మూడో కుర్చీ వేయడానికి వారం అక్కర్లేదు, ఒక్క పూట చాలేది. అది చేతకాకపోతే, ఏప్రిల్‌లో పెడతామన్న ఆఖరి చర్చకు అర్హత ఏమిటో ఆ రోజే, మిగతా రాష్ట్రాలు ఓటేయకముందే, కాగితం మీద పెట్టి ప్రకటించాల్సింది. అదీ చేయలేదా? అయితే ఓటర్ల పేర్లు జాబితాల్లోంచి తీసేస్తున్నారని, పోలింగ్ కేంద్రాలు మూసేస్తున్నారని రిపబ్లికన్ల మీద వేలు చూపడం ఆపి, ముందు ఆ 103 మంది సమోవా ఓటర్లకు జవాబు చెప్పండి.