సేవలు మాన్యువల్ పద్ధతిలో కొనసాగుచున్నవి

కంప్యూటర్లలోని సమాచారానికి తాళం వేసి, తెరవాలంటే డబ్బు కట్టమనే రాన్సమ్‌వేర్ దాడికి గురైన సంస్థ ఏదైనా సరే, మరునాడు విడుదల చేసే ప్రకటనలో సేవలన్నీ మాన్యువల్ పద్ధతిలో నిరాటంకంగా కొనసాగుతున్నాయన్న వాక్యం తప్పనిసరిగా ఉంటుంది. దాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు ఇంతవరకు పద్మ పురస్కారం దక్కకపోవడం జాతికి తీరని లోటు.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు మూగబోయినప్పుడు కూడా దేశం ఈ మాటతోనే గుండె దిటవు చేసుకుంది. అయిదు సర్వర్లలో ఉన్న సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి ఆగంతకులు తాళం వేసి పోగా, ఓపీ చీటీ మొదలు రక్తపరీక్ష ఫలితం దాకా సమస్తమూ దాదాపు రెండు వారాలపాటు కాగితం మీదికి దిగివచ్చింది.

ఈ పద్ధతి వైభవాన్ని పాఠకులు ఒక్కసారి ఊహించుకోవాలి. ఎయిమ్సే కానక్కరలేదు, ఏ పెద్దాసుపత్రి అయినా చాలు. కంప్యూటర్లు ఆగిపోయాయి గనుక రిజిస్టర్లు కావాలి. అవి స్టోర్సులో ఉంటాయి. స్టోర్సు నుంచి తెప్పించుకోవాలంటే ఇండెంటు పెట్టాలి. ఇండెంట్లను ఏనాడో ఆన్‌లైన్ చేసేశారు గనుక, కంప్యూటర్లు పనిచేయడం లేదని రాసుకోవలసిన పుస్తకం కోసం కంప్యూటరులోనే దరఖాస్తు చేసుకోవాలి. కాగితం మీద రాసిస్తే చెల్లుతుందా అన్న ధర్మసందేహం సూపరింటెండెంటుగారి దాకా వెళుతుంది, ఆయన కమిటీ వేస్తారు, ఆ సంగతి సభ్యులకు ఈమెయిల్‌లో పంపుతారు. ఈలోగా రిటైర్మెంటుకు దగ్గరపడిన గుమాస్తాగారొకరు బీరువా అడుగునుంచి పాత పుస్తకం లాగి, దుమ్ము దులిపి, స్కేలుతో గీతలు కొట్టి, క్రమసంఖ్య, పేరు, తండ్రి పేరు అని రాయడం మొదలుపెడతారు. ఆ క్షణాన సంస్థ సైబర్ భద్రతా విభాగమంటే ఆయనొక్కరే.

దాడి అత్యంత అధునాతనమైనదన్నది రెండో మంత్రం. ఎయిమ్స్ విషయంలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన కారణం మాత్రం నెట్‌వర్కును సరిగా విభజించకపోవడం, అంటే వసారాలోకి దూరిన దొంగకు పూజగది తలుపు కూడా తెరిచే ఉంచడం. 2017 మే 12న ప్రపంచాన్ని వణికించిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ అడిగింది కంప్యూటరుకు 300 డాలర్లు. అది దూరిన కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అయినా బాధితుల జాబితాలో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ చేరింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖా చేరింది.

నిరాటంకమట! ఎవరికి? జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వచ్చి, తెల్లవారుజామునే ఆసుపత్రి గేటు ముందు వరుసకట్టి, పాత రిపోర్టులు తెరపైకి రావడం లేదు, మళ్లీ పరీక్ష చేయించుకోమని చెప్పించుకునే క్యాన్సర్ రోగికా? వార్డులో ప్రతి మందూ రెండోసారి చేత్తో రాసి, పొరపాటు దొర్లితే సంజాయిషీ కూడా తానే ఇచ్చుకోవలసిన నర్సుకా? నేరగాళ్లకు నయాపైసా చెల్లించలేదని సంస్థలు ఛాతీ విరుచుకోవచ్చు. చెల్లించినవాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు, వాళ్లకు రసీదు కూడా ఇవ్వలేదు.

ఎయిమ్స్‌లో సస్పెన్షన్ వేటు పడింది ఇద్దరు అనలిస్టుల మీద. ఇలాంటి దాడి జరిగితే ఆరు గంటల్లోగా తనకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. తన జబ్బు వివరాలు ఎవరి చేతిలో పడ్డాయో రోగికి ఎన్ని గంటల్లో చెప్పాలన్నది ఆ ఆదేశంలో ఎక్కడా లేదు.