యువ గుండెకు మత్తు ముప్పు

జిమ్‌లోనో, పెళ్లి బరాత్‌లోనో, క్రికెట్ మైదానంలోనో పాతికేళ్ల యువకుడు ఉన్నట్టుండి కుప్పకూలిన వీడియో బయటికొచ్చిన ప్రతిసారీ మన దగ్గర చర్చ ఒక్కచోటికే చేరుతోంది. కొవిడ్ టీకాయే ఈ ప్రాణాలు తీస్తోందా అన్నది ఆ చర్చ. ఈ సందేహం తీర్చేందుకు భారత వైద్య పరిశోధన మండలి 19 రాష్ట్రాల్లోని 47 ఆసుపత్రుల సాయంతో పెద్ద అధ్యయనమే చేయించింది. కారణం అంతుచిక్కకుండా హఠాత్తుగా మరణించిన 18-45 ఏళ్ల వయస్కులు 729 మంది వివరాలను, అదే ఇరుగుపొరుగున ఉండే అదే వయసువారి వివరాలతో పోల్చిచూసి, టీకా వల్ల ముప్పు పెరగలేదని 2023 నవంబరులో తేల్చిచెప్పింది. ఆ మాట పతాక శీర్షికలకెక్కింది. అదే నివేదికలోని మరో మాటను మాత్రం ప్రభుత్వాలు గానీ, ప్రచార సాధనాలు గానీ అంతగా పట్టించుకోలేదు. అంతకుముందు 48 గంటల్లో మత్తుపదార్థాలు వాడినవారికి హఠాన్మరణం ముప్పు దాదాపు మూడు రెట్లు, మితిమీరి మద్యం తాగినవారికి అయిదు రెట్లకు పైగా ఉన్నట్లు ఆ అధ్యయనం గుర్తించింది. పైగా ఈ వివరాలు రక్త పరీక్షల్లో తేలినవి కావు, పోయినవారి కుటుంబ సభ్యులను అడిగి రాసుకున్నవి. కొడుకు గంజాయి తాగుతాడని తెలియని తల్లిదండ్రులు, తెలిసినా బయటకు చెప్పుకోలేని తల్లిదండ్రులు ఎందరో ఉండే సమాజం మనది కాబట్టి, అసలు లెక్క ఇంకా ఎక్కువే ఉంటుందన్నది మా అభిప్రాయం.

ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. అమెరికాలో మాజీ సైనికుల వైద్య రికార్డులను పరిశీలించిన హ్యూస్టన్ పరిశోధకులు 2021లో ‘హార్ట్’ వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించారు. పురుషుల్లో 55 ఏళ్లలోపు, స్త్రీలలో 65 ఏళ్లలోపు రక్తనాళాలు పూడుకుపోయిన సుమారు 1.35 లక్షల మందిని, ఆ వయసు దాటాక జబ్బుపడిన 11 లక్షల మందితో వారు పోల్చారు. ముందే జబ్బుపడినవారిలో గంజాయి వాడేవారు 12.5 శాతం ఉండగా, రెండో వర్గంలో 2.7 శాతమే. కొకైన్ విషయంలోనూ ఇంచుమించు ఇదే తేడా కనిపించింది. రక్తపోటు, మధుమేహం వంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ రెండింటిలో దేనిని వాడినా చిన్న వయసులోనే జబ్బు పడే అవకాశం రెండు రెట్లకు మించి ఉంది. పొగాకు, మద్యంతో కలిపి నాలుగు, అంతకంటే ఎక్కువ పదార్థాలు వాడేవారిలో అది దాదాపు తొమ్మిది రెట్లు. ఇలాంటి లెక్కలు సంబంధాన్ని చూపుతాయే తప్ప కార్యకారణాన్ని పూర్తిగా రుజువు చేయవు. కానీ మత్తుపదార్థాలు గుండెపై ఎలా పనిచేస్తాయో వైద్యశాస్త్రం ఎప్పుడో కనిపెట్టింది కాబట్టి, ఇది కాకతాళీయమని కొట్టిపారేయలేం.

కొకైన్, మెథాంఫెటమైన్ వంటివి శరీరాన్ని ఉద్రేకస్థితిలోకి నెట్టే నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా పెంచుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు ఎగబాకుతుంది, గుండె కండరానికి ఆక్సిజన్ అవసరం పెరిగిపోతుంది. సరిగ్గా ఆ సమయంలోనే దానికి రక్తాన్ని అందించే నాళాలు బిగుసుకుపోతాయి, రక్తంలోని ప్లేట్‌లెట్లు గడ్డకట్టడానికి సిద్ధమవుతాయి. మోటారు వేగం పెంచుతూ నీటి గొట్టాన్ని కాలితో తొక్కిపట్టినట్లు ఉంటుంది పరిస్థితి. నాళంలో అంతకుముందు ఏ పూడికా లేని ఇరవై రెండేళ్ల యువకుడికి కూడా గుండెపోటు రావడానికి ఇది చాలు. కొకైన్ తీసుకున్న మొదటి గంటలో గుండెపోటు ముప్పు మామూలు సమయంకంటే 24 రెట్లు ఉంటుందని 1999లోనూ, గంజాయి పీల్చిన మొదటి గంటలో 4.8 రెట్లు ఉంటుందని 2001లోనూ ‘సర్క్యులేషన్’ పత్రికలో అధ్యయనాలు వెలువడ్డాయి. కొకైన్‌తోపాటు మద్యం తాగితే కాలేయంలో కోకాఇథిలీన్ అనే మరో పదార్థం తయారవుతుంది. అది శరీరంలో ఎక్కువసేపు నిలిచి గుండెను మరింతగా దెబ్బతీస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో కొకైన్ డబ్బున్నవారి పార్టీల దాకానే ఉండవచ్చు గానీ గంజాయి అలా లేదు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే శీలావతి రకానికి దేశమంతటా గిరాకీ ఉంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు ఏకంగా సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టాల్సి వచ్చిందంటేనే సరకు ఏ స్థాయిలో ఉందో అర్థమవుతుంది. ఇది ఆకే కదా, సిగరెట్టంత చెడ్డది కాదని నమ్మే విద్యార్థులు అసలు తాగుతున్నదేమిటో చూసుకోవాలి. సిగరెట్టులోని పొగాకును అరచేతిలోకి దులిపి, నలిపిన గంజాయిని అందులో కలిపి, మళ్లీ అదే గొట్టంలో కూరి తాగుతున్నారు. ఆ పొగలో గంజాయితోపాటు పొగాకూ, కార్బన్ మోనాక్సైడూ కూడా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. ఈ రెంటిలో గుండెకు చేటు చేసేది ఏదన్న మీమాంస అలా తాగేవారికి అక్కరకొచ్చేది కాదు.

ఇంకా ఆందోళన కలిగిస్తున్నది మెఫెంటర్‌మైన్. శస్త్రచికిత్స సమయంలో మత్తుమందు వల్ల పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి ఆపరేషన్ థియేటర్లో వాడే ఇంజెక్షన్ ఇది. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని ఈ మందు జిమ్‌లలోకి చేరింది. హైదరాబాద్‌లో పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు దీన్ని పలుమార్లు పట్టుకున్నారు. బరువులెత్తే ముందు సూది వేసుకుంటే అలసట తెలియదని కుర్రవాళ్లకు ఎవరో చెబుతారు. అలసట తెలియకుండా పోతుందే తప్ప, గుండె మీద పడే భారం తగ్గదు. పడిపోయిన రక్తపోటును లేపే మందును, మామూలు రక్తపోటు ఉన్న ఆరోగ్యవంతుడు అసలే గుండె వేగం పెరిగే వ్యాయామానికి ముందు ఎక్కించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి వైద్యుడే కానక్కర్లేదు. వీళ్లెవరూ తమను మత్తుకు బానిసలమనుకోరు. ఆరోగ్యం కోసమే ఇదంతా చేస్తున్నామనుకుంటారు. అదే మనసును కలచివేసే విషయం.

ఇంత జరుగుతున్నా ఛాతీ నొప్పితో అత్యవసర విభాగానికి వచ్చిన యువకుడిని అడగవలసిన ప్రశ్న చాలాచోట్ల అడగడం లేదు. షుగరుందా, బీపీ ఉందా, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, సిగరెట్, మందు అలవాటుందా అన్నంతవరకే ఆరా తీస్తారు. పక్కన నాన్న నిలబడి ఉండగా అంతకు మించి అడిగినా నిజం రాదు. ఫ్రాన్స్‌లో 2021 ఏప్రిల్‌లో రెండు వారాలపాటు 39 ఆసుపత్రుల్లో, గుండెజబ్బుతో ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన దాదాపు 1,500 మందికి మూత్ర పరీక్ష చేయగా 11 శాతం మందిలో మత్తుపదార్థాల జాడ కనిపించింది. అడిగినప్పుడు ఒప్పుకున్నది వారిలో సగానికి కాస్త ఎక్కువ మందే. ఆసుపత్రిలో ఉండగానే ప్రాణాపాయ స్థితికి చేరినవారు వాడనివారిలో 3 శాతం, వాడినవారిలో 13 శాతం.

నిజం దాచడం వల్ల వైద్యమే దారి తప్పవచ్చు. గుండె వేగాన్ని తగ్గించడానికి మామూలుగా ఇచ్చే బీటా బ్లాకర్లు కొకైన్ ప్రభావంలో ఉన్నవారికి ఇస్తే నాళాలు మరింత బిగుసుకోవచ్చని అమెరికా హృద్రోగ సంఘం 2008లోనే హెచ్చరించింది. దానిపై వైద్యుల్లో ఇంకా తర్జనభర్జన సాగుతున్నా, ఆ నిర్ణయం తీసుకోవడానికైనా రోగి ఏం తీసుకున్నాడో వైద్యుడికి తెలియాలి.

రోగి నోరు విప్పకపోవడానికి కారణం పోలీసు భయం. ఆ భయం నిరాధారమని అనలేం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం వాడటమూ నేరమే, పదార్థాన్ని బట్టి ఏడాది దాకా జైలు పడుతుంది. అయితే అదే చట్టంలోని 64ఎ సెక్షన్, వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే అతనికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిస్తోంది. రోగి చెప్పిన రహస్యాన్ని, కోర్టు ఆదేశం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, బయటపెట్టకూడదని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి శాసిస్తోంది. ఈ సంగతి రోగులకే కాదు, అత్యవసర విభాగంలో రాత్రి విధుల్లో ఉండే యువ వైద్యుల్లో చాలామందికీ ఎవరూ చెప్పడం లేదు.

గంజాయి ముఠాలను వేటాడేందుకు రెండు రాష్ట్రాలూ ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక బలగాలను ఏర్పాటు చేసుకున్నాయి. అది కావలసిన పనే, దాన్ని మేము సమర్థిస్తున్నాం. కానీ ఫిర్యాదు చేయాల్సిన పోలీసు నంబరుకు జరిగే ప్రచారంలో సగమైనా, మానాలనుకునేవారికి సాయపడే జాతీయ వ్యసన విముక్తి నంబరు 14446కు జరగాలి. జిల్లా ఆసుపత్రి నుంచి హృద్రోగ నిపుణుడికి ఈసీజీ పంపి గుండెపోటుకు తొలి చికిత్స అందించే స్టెమీ కార్యక్రమంలో, నలభై అయిదేళ్లలోపు రోగుల వివరాలతో పాటు గడచిన 48 గంటల్లో ఏ మత్తుపదార్థం, ఏ ఇంజెక్షన్ తీసుకున్నారో తప్పనిసరిగా నమోదు చేయించాలి. ఆ ప్రశ్నను బంధువులను బయటకు పంపి అడగాలి, జవాబు పోలీసులకు చేరదని ముందే చెప్పాలి. మెఫెంటర్‌మైన్ సీసాలు తయారీదారు నుంచి ఏ ఆసుపత్రికి ఎన్ని వెళ్లాయో, అక్కడ ఎన్ని ఖర్చయ్యాయో ఔషధ నియంత్రణ యంత్రాంగం నెలనెలా సరిచూడాలి. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు. రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఉత్తర్వులిస్తే సరిపోతుంది, వాటిని వెంటనే ఇవ్వాలని మేము కోరుతున్నాం.