సార్టు చేశాక పాత స్థానాన్ని వెతికితే సరిపోతుందా?

ప్లేస్‌మెంట్ పరీక్షలకు సిద్ధమవుతున్న ఒంగోలు, కావలి, నెల్లూరు విద్యార్థుల మధ్య వాట్సాప్‌లో ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది: "అర్రేను (విలువల జాబితాను) సార్టు చేయండి (క్రమంలో పేర్చండి), ఏ విలువ మొదట ఎక్కడ ఉండేదో కావాలంటే పాత అర్రేలో వెతకండి. ఒకే విలువ రెండుసార్లు వస్తే డిక్షనరీ (ఒక్కో కీకి, అంటే గుర్తుకు, ఒక్కో విలువను దాచే పట్టిక) వాడండి. స్థానాలను వేరుగా దాచడం మెమరీ దండగ. సమాన విలువల వరుసను సార్టు ఎలాగూ చెడగొట్టదు. వచ్చిన స్థానాల జాబితాయే ర్యాంకుల జాబితా."

విలువలన్నీ వేర్వేరుగా ఉన్నంతవరకు మొదటి మాట చెల్లుతుంది. అయితే పొగాకు వేలంలో నాలుగు బేళ్లకు కిలో ధర వరుసగా 280, 245, 280, 210 రూపాయలు పలికిందనుకుందాం. స్థానాలను 0 నుంచి లెక్కిస్తే, పెరిగే ధరల వరుసలో రావలసిన జవాబు 3, 1, 0, 2. పైథాన్ భాషలోని ఇండెక్స్ మెథడ్ విలువ మొదట కనిపించిన చోటునే చెబుతుంది కనుక 3, 1, 0, 0 వస్తుంది. మూడో బేలు లెక్కలోంచే మాయమవుతుంది. ధరను కీగా పెట్టి స్థానాన్ని డిక్షనరీలో దాస్తే, తర్వాత వచ్చిన 280 ముందుదాన్ని చెరిపేసి 3, 1, 2, 2 ఇస్తుంది. నష్టపోయే రైతు మారాడు, అంతే. ఒక్కో ధరకు స్థానాల జాబితానే ఉంచితే ఈ తప్పు తీరుతుంది గానీ, సలహాలో ఆ ఊసే లేదు.

మెమరీ దండగ అన్న మాటకు లెక్కే జవాబు. లక్ష స్థానాలకు, ఒక్కోదానికి 4 బైట్ల చొప్పున, 4 లక్షల బైట్లు చాలు. ఆ పొదుపు కోసం లక్ష విలువలను ఒక్కొక్కటిగా, సగటున సగం అర్రే దాకా వెతికితే సుమారు 500 కోట్ల పోలికలవుతాయి. మంచి సార్టుకు దాదాపు 17 లక్షలు సరిపోతాయి.

సమాన విలువల వరుస నిలుస్తుందన్న హామీ పైథాన్‌లో ఉంది, జావాస్క్రిప్ట్ ప్రమాణంలో 2019లో చేరింది. సీ ప్లస్ ప్లస్‌లోని మామూలు సార్టుకు మాత్రం లేదు, అందుకే అక్కడ స్టేబుల్ సార్టు వేరుగా ఉంది. భాష ఏదైనా, ధరలను కదపకుండా 0, 1, 2, 3 అనే స్థానాలనే సార్టు చేస్తూ, పోలికకు ఆయా స్థానాల్లోని ధరలను చూసి, ధరలు సమానమైతే చిన్న స్థానాన్ని ముందుంచితే ఈ బెంగే ఉండదు.

చివరి మాట అన్నిటికంటే ప్రమాదకరం. 3, 1, 0, 2 అనేది ఏ వరుసలో ఏ బేలు నిలిచిందో చెబుతుంది. ఏ బేలుకు ఏ ర్యాంకో చెప్పేది, ఒక్కో బేలు ఆ జాబితాలో ఎన్నో చోట ఉందో 0 నుంచి లెక్కించి రాస్తే వచ్చే 2, 1, 3, 0. అలా మార్చడానికి ఒక్క లూపు చాలు. మూడు విలువలతో పరీక్షిస్తే మాత్రం, సాధ్యమైన 6 వరుసల్లో 4 వరుసలకు ఈ రెండు జాబితాలూ ఒకటే కావడంతో తప్పు బయటపడదు.